విశాఖ ఓడరేవు: నీటి లోతే సిరి.. గాలిలో ధూళే చింత

రోజుకు రెండు లక్షల టన్నులకు పైగా సరకు
ఖనిజం నుంచి రొయ్య దాకా ఒకే రేవు
పాతనగరం కోరేది బొగ్గుపొడి నుంచి విముక్తి

విశాఖపట్నం: 75 వేల టన్నుల బొగ్గుతో వచ్చిన ఒక్క ఓడను ఖాళీ చేసి, ఆ సరకును రేవు దాటించాలంటే సుమారు 20 గూడ్సు రైళ్లు కావాలి. అదే బొగ్గును లారీల్లో తరలించాలంటే 30 టన్నుల లెక్కన 2,500 లారీలు బారులు తీరాలి. విశాఖ ఓడరేవుకు ఇలాంటి ఓడలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఈ రేవు 8.1 కోట్ల టన్నుల సరకును ఎగుమతి, దిగుమతి చేసింది. అంటే సగటున రోజుకు 2.2 లక్షల టన్నులు. ఇంత బరువు నగరం నడిబొడ్డునుంచి కదులుతున్నప్పుడు దాని లాభం జిల్లా అంతటికీ అందుతుంది. దాని ధూళి మాత్రం రేవు గోడను ఆనుకొని ఉన్న కాలనీలకే చేరుతుంది. ఈ రేవు ఎలా పనిచేస్తుందో, ఏ సరకు ఏ దారిన వస్తుందో తెలిస్తేనే ఆ లాభనష్టాలను సరిగా బేరీజు వేసుకోగలం.

మాంగనీసు కోసం పుట్టిన రేవు

ఓడరేవు రాకముందు విశాఖ తీరానికి వచ్చిన ఓడలు నడిసముద్రంలోనే లంగరు వేసేవి. మసులా పడవలు అలలకు ఎదురీది సరకును ఒడ్డుకు చేర్చేవి. మధ్య పరగణాల్లో దొరికే మాంగనీసు ఖనిజాన్ని విదేశాలకు పంపడానికి తూర్పు తీరంలో సరైన రేవు లేకపోవడంతో బెంగాల్ నాగపూర్ రైల్వే కళ్లు విశాఖపై పడ్డాయి. పార్వతీపురం మీదుగా రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. మరోవైపు ఉప్పుటేరు ముఖద్వారం వద్ద ఉన్న బురద నేలను తవ్వి ఓడలు నిలిచే జలాశయాన్ని సిద్ధం చేశారు. 1933 అక్టోబరు 7న సింథియా కంపెనీకి చెందిన జలదుర్గ నౌక తొలిసారిగా రేవులోకి ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరు 19న నాటి వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ ఓడరేవును లాంఛనంగా ప్రారంభించారు.

విశాఖకు ప్రకృతి ఇచ్చిన వరం డాల్ఫిన్ నోస్ కొండ. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన ఈ కొండ నైరుతి గాలుల వేళ అలల తాకిడిని అడ్డుకుంటుంది. దానికి తోడుగా అప్పటి ఇంజినీర్లు రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ప్రవేశమార్గం చెంత ముంచి అలలకు అడ్డుకట్టగా నిలిపారు. కొండకు ఎదురుగా ఆలయం, దర్గా, చర్చి ఉన్న మూడు కొండలు. ఈ రెంటి నడుమ సన్నని కాలువ. లోపలి హార్బరుకు నేటికీ అదే సింహద్వారం.

స్వాతంత్ర్యానంతరం రేవు కేంద్ర ప్రభుత్వ పరిధిలో నడిచింది. 1964 ఫిబ్రవరిలో విశాఖపట్నం పోర్టు ట్రస్టు ఏర్పాటైంది. 2021లో వచ్చిన కొత్త ప్రధాన ఓడరేవుల చట్టంతో అది విశాఖపట్నం పోర్టు అథారిటీగా మారింది. 2000-01 నుంచి కొన్నేళ్లపాటు సరకు పరిమాణంలో దేశంలోని ప్రధాన ఓడరేవుల్లో విశాఖదే మొదటి స్థానం. తర్వాత కాండ్లా, పారదీప్ వంటి రేవులు దానిని దాటిపోయాయి.

ఒకే రేవు.. రెండు హార్బర్లు

బయటినుంచి చూసేవారికి పోర్టు అంతా ఒకటిగానే కనిపించినా, లోపల రెండు వేర్వేరు హార్బర్లున్నాయి. 1933లో తవ్వినది లోపలి హార్బరు. దీనికి ఉత్తర, పశ్చిమ, వాయవ్య శాఖలున్నాయి. చుట్టూ భూమి ఉండటంతో నీరు నిశ్చలంగా ఉంటుంది. తుపాను కాలంలోనూ ఓడలకు భద్రత ఎక్కువ. అయితే కాలువ ఇరుకు. ఎదురెదురుగా రెండు పెద్ద ఓడలు దాటిపోయే వీలు లేదు. ఇదే కాలువను తూర్పు నౌకాదళానికి చెందిన నౌకలూ వాడుకుంటాయి. పక్కనే హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది. అందుకే ఏ ఓడ ఏ వేళకు లోపలికి రావాలో, ఏది ముందు వెళ్లాలో నిమిషాల లెక్కన నిర్ణయిస్తారు.

రెండోది 1976లో వాడుకలోకి వచ్చిన వెలుపలి హార్బరు. జపాన్‌కు ఇనుప ఖనిజాన్ని తీసుకెళ్లే భారీ నౌకలు ఇరుకు కాలువలో పట్టవు. వాటికోసం సముద్రంలోనే రాతి గోడలు కట్టి, మూడు అడ్డుకట్టల నడుమ దాదాపు 200 హెక్టార్ల జలభాగాన్ని ప్రశాంతంగా ఉండేలా మలిచారు. లోపలి హార్బరు విస్తీర్ణం ఇందులో సగమే. నేడు లక్షన్నర నుంచి రెండు లక్షల టన్నుల సామర్థ్యం గల నౌకలు వెలుపలి హార్బరుకే వస్తాయి.

లోతులోనే లాభం

ఓడరేవుల వ్యాపారమంతా ఒక్క మాటలో చెప్పాలంటే లోతు. సరకు ఎక్కేకొద్దీ ఓడ నీటిలోకి దిగుతుంది. నీటిలో మునిగి ఉండే భాగం కొలతను డ్రాఫ్టు అంటారు. 75 వేల టన్నుల తరగతి పనామాక్స్ ఓడ ఒక్క సెంటీమీటరు అదనంగా మునిగితే సుమారు 65 టన్నుల సరకు ఎక్కువ పడుతుంది. అంటే ఒక మీటరు లోతు పెరిగితే ఒక్క ఓడలోనే 6,500 టన్నులు అదనం.

లోపలి హార్బరులో చాలాకాలం సుమారు 10 మీటర్ల డ్రాఫ్టు గల ఓడలకే అనుమతి ఉండేది. నిండు పనామాక్స్ ఓడకు 14 మీటర్ల పైచిలుకు కావాలి. కనుక అలాంటి ఓడ ముందుగా వేరొకచోట పాతిక వేల టన్నుల వరకు దించి, తేలికపడ్డాకే లోపలికి రావలసి వచ్చేది. రెండుచోట్ల దించడమంటే రెండింతల జాప్యం, అదనపు అద్దె. ఓడ నిలిచిన ప్రతి రోజుకూ దిగుమతిదారు డెమరేజీ చెల్లించుకోవాలి. ఆ భారం చివరకు ఉక్కు ధరలోనో, ఎరువు ధరలోనో కలుస్తుంది. అడుగు భాగాన్ని తవ్వి, పాత బెర్తులను పటిష్ఠం చేసి ఎంపిక చేసిన బెర్తుల వద్ద 14.5 మీటర్ల డ్రాఫ్టు ఓడలను నిలిపే స్థాయికి తేవడంతో ఈ చిక్కు చాలావరకు తీరింది. 2022లో పనామాక్స్ కంటె వెడల్పైన బేబీ కేప్ తరగతి నౌకను కూడా లోపలి హార్బరుకు తీసుకురాగలిగారు.

లోతు ఒకసారి తవ్వితే నిలిచేది కాదు. గెడ్డల వెంట వచ్చే మట్టి, సముద్రం తెచ్చే ఇసుక నిత్యం పూడుస్తూనే ఉంటాయి. దేశంలోని రేవుల్లో పూడిక తీసే ప్రభుత్వ రంగ సంస్థ డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది. 2019లో దాని యాజమాన్యం విశాఖ సహా నాలుగు ఓడరేవుల చేతికి వచ్చింది.

ఓడ వచ్చే తీరు

రేవుకు చేరిన ఓడ ముందుగా బయట సముద్రంలో లంగరు వేసి వంతు కోసం వేచి ఉంటుంది. బెర్తు ఖాళీ కాగానే పోర్టు పైలట్ పడవలో వెళ్లి నౌక ఎక్కుతాడు. కాలువ మలుపులు, గాలి వాటం, నీటి వడి అతనికి కరతలామలకం. ఓడ కెప్టెన్ ఎంతటి అనుభవజ్ఞుడైనా రేవులోకి తీసుకురావలసింది పైలట్ సూచనల ప్రకారమే. టగ్గులు ఓడను నెడుతూ, లాగుతూ బెర్తుకు చేరుస్తాయి.

అనంతరం ఓడ ఎంత మునిగి ఉందో గుర్తులు చదివి సరకు బరువును లెక్కిస్తారు. బొగ్గు, ఖనిజం వంటి గుట్టల సరకును తూకంరాయితో తూచడం సాధ్యం కాదు. దించకముందు, దించిన తర్వాత ఓడ మునకలో తేడాయే దాని తూకం. కస్టమ్స్ పత్రాలు, ఏజెంట్ల లెక్కలు పూర్తయ్యాక స్టీవడోర్లు పని మొదలుపెడతారు. గ్రాబు క్రేన్లు ఓడ గర్భంలోనుంచి సరకును తోడి కన్వేయరుపైకో, లారీలోకో వేస్తాయి. ఓడ వచ్చినప్పటినుంచి తిరిగి వెళ్లేవరకు పట్టే కాలాన్ని బట్టే రేవు సమర్థతను లెక్కగడతారు.

బైలదిల్లా నుంచి బంగాళాఖాతానికి

వెలుపలి హార్బరు చరిత్ర బస్తర్ కొండల్లో మొదలవుతుంది. యుద్ధానంతరం ఉక్కు పరిశ్రమను విస్తరించుకున్న జపాన్‌కు నాణ్యమైన ఇనుప ఖనిజం అవసరమైంది. బైలదిల్లా గనులనుంచి ఏటా 40 లక్షల టన్నులు సరఫరా చేసేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని తీరానికి చేర్చేందుకు తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస-కిరండోల్ రైలుమార్గాన్ని నిర్మించారు. అనంతగిరి, అరకు కొండల మీదుగా 58 సొరంగాలతో సాగే ఈ దారి నేడు పర్యాటకులకు ఆహ్లాదం. దాన్ని వేసింది మాత్రం ఖనిజం కోసమే.

పోర్టుకు చేరిన వ్యాగన్లను టిప్లరు అనే యంత్రం పట్టి బోర్లిస్తుంది. ఖనిజం కన్వేయరుపై యార్డుకు వెళ్లి గుట్టలుగా పేరుతుంది. ఓడ వచ్చినప్పుడు రీక్లెయిమరు యంత్రం గుట్టను తవ్వి మళ్లీ కన్వేయరుపైకి ఎక్కిస్తుంది. అక్కడినుంచి వెలుపలి హార్బరులోని షిప్‌లోడరు దానిని ఓడ గర్భంలోకి జారవిడుస్తుంది. 2015లో ఈ ఖనిజ విభాగం నిర్వహణ ప్రైవేటు సంస్థకు దక్కింది. ఖనిజానికి మరో దారి కూడా ఏర్పడింది. పొడి చేసిన ఖనిజాన్ని నీటితో కలిపి కిరండోల్ నుంచి విశాఖ వరకు 267 కిలోమీటర్ల గొట్టం గుండా పంపుతున్నారు. ఇక్కడి కర్మాగారంలో దానిని గుళికలుగా మారుస్తారు.

కాలం తెచ్చిన మార్పు ఏమిటంటే, మాంగనీసు ఎగుమతి కోసం పుట్టిన ఈ రేవు నేడు మాంగనీసు ఖనిజాన్ని పెద్దఎత్తున దిగుమతి చేసుకుంటోంది. విజయనగరం జిల్లా గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లోని ఫెర్రో పరిశ్రమలకు దక్షిణాఫ్రికా, గాబన్ వంటి దేశాల ఖనిజం ఈ దారినే చేరుతుంది.

ఉక్కు, అల్యూమినా, ఎరువులు

విశాఖ ఉక్కు కర్మాగారానికి అవసరమైన కోకింగ్ బొగ్గు దేశంలో చాలినంత దొరకదు. ఆస్ట్రేలియా తదితర దేశాలనుంచి ఓడల్లో రావలసిందే. కర్మాగారం కొలిమి మండితే రేవుకు పని. కొలిమి చల్లబడితే రేవుకూ సరకు తగ్గుతుంది. విద్యుత్తు, సిమెంటు, స్పాంజి ఐరన్ పరిశ్రమలకు వచ్చే ఆవిరి బొగ్గు దీనికి అదనం. వెలుపలి హార్బరులో 2013లో మొదలైన యంత్రీకృత బొగ్గు బెర్తు 18 మీటర్ల డ్రాఫ్టు గల భారీ ఓడలను నిలుపుకోగలదు.

ఒడిశాలోని దామన్‌జోడి నుంచి నాల్కో సంస్థ అల్యూమినా పొడి రైలులో విశాఖకు చేరుతుంది. పిండివలె తెల్లగా ఉండే ఈ పొడిని గాలి తగలని సైలోల్లో నిల్వ చేసి ఓడలకు ఎక్కిస్తారు. తిరుగు దారిలో అదే కర్మాగారానికి కాస్టిక్ సోడా ద్రావకం దిగుమతి అవుతుంది. 1967 నుంచి నడుస్తున్న కోరమాండల్ ఎరువుల కర్మాగారానికి రాక్ ఫాస్ఫేట్, గంధకం, ఫాస్ఫారిక్ ఆమ్లం, అమ్మోనియా సముద్రమార్గంలోనే వస్తాయి. ఖరీఫ్, రబీ సీజన్లకు ముందు యూరియా, డీఏపీ, పొటాష్ ఓడల రాక కోసం తీరంనుంచి తెలంగాణ పల్లెల దాకా రైతులు ఎదురుచూస్తారు. బియ్యం ఎగుమతి మాత్రం ప్రధానంగా కాకినాడ నుంచి సాగుతుంది.

చమురు, గ్యాస్.. మరువరాని పాఠాలు

1957లో కాల్టెక్స్ సంస్థ మొదలుపెట్టిన చమురుశుద్ధి కర్మాగారం తర్వాత హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. ఇటీవలి విస్తరణలో దాని సామర్థ్యాన్ని ఏటా 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే పని చేపట్టారు. ముడి చమురు తెచ్చే అతిపెద్ద ట్యాంకర్లు హార్బరులోకి రావు. సముద్రంలో తేలే బోయాకు కట్టుకొని, నీటి అడుగున పరచిన గొట్టం ద్వారా చమురును ఒడ్డుకు పంపుతాయి.

డాల్ఫిన్ కొండ ప్రాంతంలో రాతి పొరలను తొలిచి రెండు రకాల భూగర్భ నిల్వలు ఏర్పాటు చేశారు. ఒకటి 60 వేల టన్నుల ఎల్‌పీజీ నిల్వ. రెండోది 2015లో సిద్ధమైన వ్యూహాత్మక ముడిచమురు నిల్వ. దాని సామర్థ్యం 13.3 లక్షల టన్నులు. యుద్ధం, సరఫరా సంక్షోభం వంటి ఆపత్కాలంలో దేశానికి అక్కరకు వచ్చేలా కేంద్రం దీనిని నిర్మించింది. రాతి పగుళ్లలోని నీటి ఒత్తిడి చమురును, గ్యాసును బయటికి పోనీయకుండా అదిమి ఉంచడమే ఈ గుహల రహస్యం.

ఇంధనం, రసాయనాలు జనావాసాల చెంత ఉండటంలోని ముప్పును విశాఖ అనుభవించింది. 1997 సెప్టెంబరు 14న ఎల్‌పీజీ దిగుమతి, నిల్వ క్రమంలో జరిగిన లీకుతో హెచ్‌పీసీఎల్ ఆవరణలో చెలరేగిన మంటలకు సుమారు 60 మంది బలయ్యారు. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలోని పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఆ స్టైరీన్ విదేశాలనుంచి ఓడలో వచ్చినదే. ప్రమాదం తర్వాత మిగిలిన నిల్వలను తిరిగి ఓడల్లోనే దక్షిణ కొరియాకు పంపివేశారు. రేవు గేటు దాటిన రసాయనం ఎక్కడ, ఎంతకాలం, ఏ స్థితిలో నిల్వ ఉంటుందన్నది పోర్టు అధికారులతో పాటు జిల్లా యంత్రాంగం సైతం కనిపెట్టవలసిన విషయమని ఆ ఘటన నేర్పింది.

పెట్టెల్లో రొయ్యలు

2003లో వెలుపలి హార్బరులో కంటెయినర్ టెర్మినల్ ప్రారంభమైంది. టన్నుల్లో చూస్తే దీని వాటా బొగ్గు, ఖనిజాల కంటె తక్కువ. విలువలో చూస్తే కథ మారుతుంది. గోదావరి జిల్లాలు, కోస్తా చెరువుల్లో పెరిగిన రొయ్యలు శుద్ధి కర్మాగారాల్లో గడ్డకట్టి, సున్నాకు 18 డిగ్రీల దిగువ చల్లదనంలో రీఫర్ కంటెయినర్లలో ఇక్కడికి చేరతాయి. ఇటీవలి పలు సంవత్సరాల్లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువలో దేశంలోని రేవులన్నింటిలో విశాఖే మొదటిది. వీటికి అమెరికా అతిపెద్ద మార్కెట్. అందుకే 2025 ఆగస్టులో భారత సరకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం చెరువు గట్టుమీది రైతు మొదలు రేవులోని కంటెయినర్ డ్రైవరు వరకు అందరికీ దాని సెగ తగిలింది.

సముద్రం లేని నేపాల్‌కు కోల్‌కతాతో పాటు విశాఖ కూడా ద్వారమైంది. 2016లో ఇరుదేశాల మధ్య కుదిరిన ఏర్పాటుతో నేపాల్ సరకు విశాఖలో దిగి రైలులో సరిహద్దుకు చేరే వీలు కలిగింది. కోల్‌కతా రేవు నదిపై ఉండటంతో అక్కడ లోతు తక్కువ. పెద్ద కంటెయినర్ ఓడలు నేరుగా రాగలగడం విశాఖకు కలిసివచ్చింది.

పొరుగునే పోటీ

ఒకప్పుడు ఈ ప్రాంతానికి విశాఖ ఒక్కటే దిక్కు. 2009లో ఉక్కు కర్మాగారాన్ని ఆనుకొని గంగవరం ప్రైవేటు ఓడరేవు రావడంతో లెక్కలు మారాయి. అక్కడ సహజంగానే లోతు ఎక్కువ. అతిభారీ ఓడలు నేరుగా బెర్తుకు చేరతాయి. కోకింగ్ బొగ్గు ఓడనుంచి కన్వేయరుపై కర్మాగారానికి వెళ్లిపోతుంది. రైలు, లారీ ఖర్చు ఉండదు. విశాఖకు రావలసిన బొగ్గులో పెద్ద భాగం అలా పొరుగుకు మళ్లింది. అయితే ఒక్క రేవుపైనే ఆధారపడటంలోని చిక్కు 2024 వేసవిలో తేటతెల్లమైంది. గంగవరంలో కార్మికుల ఆందోళనతో బొగ్గు కదలక ఉక్కు కర్మాగారం ఉత్పత్తి ఇబ్బందుల్లో పడింది. రెండు రేవులూ ఉండటం జిల్లా పరిశ్రమకు రక్ష అని ఆ అనుభవం చాటింది.

ఒడిశా సరకు కోసం పారదీప్, గోపాలపూర్, ధామ్రా రేవులు పోటీలో ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా మూలపేటలో మరో ఓడరేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది. ఈ నేపథ్యంలో పరిమాణం కోసం మాత్రమే పాకులాడితే విశాఖ నెగ్గడం కష్టం.

ఇంటి గడపమీద బొగ్గుపొడి

రేవు సంపాదనకు చెల్లిస్తున్న మూల్యం పాతనగరంలో కనిపిస్తుంది. జ్ఞానాపురం, కోట వీధి, రైల్వే న్యూకాలనీ పరిసరాల్లో ఇంటి నేల తుడిచిన కాసేపటికే పాదాలకు నల్లపొడి అంటుకుంటుంది. ఆరేసిన బట్టలు, మేడమీది నీటి తొట్లు, చెట్ల ఆకులు అన్నింటిపైనా అదే పొర. పిల్లల దగ్గు, పెద్దల ఆయాసం గురించి ఈ ప్రాంతవాసులు దశాబ్దాలుగా మొరపెట్టుకుంటున్నారు.

దీనికి కారణం ఒక్కటి కాదు. గ్రాబు క్రేను ఎత్తునుంచి సరకును వదిలినప్పుడు మొదటి ధూళి లేస్తుంది. బహిరంగ యార్డులోని గుట్టలపై గాలి వీచినప్పుడు రెండోసారి. పొక్లెయిన్ తోడి లారీలో, వ్యాగన్‌లో పోసినప్పుడు మూడోసారి. చక్రాలకు అంటిన పొడి రోడ్డుపై రాలి, వెనుక వచ్చే వాహనాల రాపిడికి నాలుగోసారి. లోపలి హార్బరు యార్డులు పాతనగరానికి పడమర, నైరుతి దిక్కుల్లో ఉండటంతో నైరుతి రుతుపవనాల గాలి ఆ ధూళిని నేరుగా ఇళ్లపైకి మోసుకొస్తుంది. చలికాలంలో గాలి తిరిగితే మల్కాపురం వైపు వంతు.

నీళ్లు చల్లడం, గుట్టలపై టార్పాలిన్లు కప్పడం, చెట్లు పెంచడం, లారీల చక్రాలు కడగడం, యంత్రాలతో రోడ్లు ఊడవడం వంటి చర్యలు అమల్లో ఉన్నాయి. పైకప్పు గల గిడ్డంగుల నిర్మాణమూ చేపట్టారు. అయితే నీళ్లు చల్లడం తాత్కాలికం. మండుటెండలో తడి గంటల్లో ఆరిపోతుంది. లారీ ఎక్కడానికి గుట్టపై కప్పు తీయక తప్పదు. మేలైన మార్గం సరకు చేతులు మారే సార్లు తగ్గించడం. ఓడనుంచి మూసిన కన్వేయరులోకి, అక్కడినుంచి కప్పు కింది యార్డుకు, అక్కడినుంచి నేరుగా వ్యాగన్‌లోకి సరకు వెళితే నాలుగు దశల ధూళిలో మూడు దశలు తగ్గిపోతాయి. అల్యూమినా పొడిని దశాబ్దాలుగా గాలి తగలకుండా ఎగుమతి చేస్తున్న రేవుకు ఈ విద్య కొత్తది కాదు. అల్యూమినా ఖరీదైన సరకు కనుక ఎగిరిపోతే సొంతదారుకు నష్టం. బొగ్గుపొడి ఎగిరితే నష్టం పాతనగరానిది. అసలు తేడా అక్కడే ఉంది.

దీనికి రెండో పార్శ్వమూ ఉంది. యంత్రీకరణ పెరిగేకొద్దీ మనుషుల పని తగ్గుతుంది. ఒకప్పుడు ఓడ గర్భంలో దిగి తట్టలు, గోతాలు మోసిన కళాసీల ముఠాలు వందల కుటుంబాలకు ఆధారం. డాక్ లేబర్ బోర్డు పోర్టులో విలీనమై, బెర్తులు 30 ఏళ్ల ఒప్పందాలపై ప్రైవేటు నిర్వాహకుల చేతికి వెళ్లాక ఆ ఉపాధి కుంచించుకుపోయింది. లారీ యజమానులు, క్లీనర్లు, లోడింగు కూలీలు రోడ్డు రవాణామీదనే బతుకుతున్నారు. ధూళి తగ్గించే ప్రణాళికలో వీరి ప్రత్యామ్నాయ ఉపాధికీ చోటుండాలి. లేనిపక్షంలో ఒకే వీధిలో దగ్గుతున్న ఇల్లు, లారీపై బతికే ఇల్లు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

తీరంపై ఇసుక లెక్క

రేవుకు, బీచ్‌కు మధ్య కంటికి కనిపించని బంధం ఒకటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణంనుంచి ఉత్తరానికి తరలిస్తాయి. వెలుపలి హార్బరు అడ్డుకట్టలు ఆ ప్రవాహానికి అడ్డుగా నిలిచాయి. దక్షిణాన ఇసుక పేరుకుంటుంది. ఉత్తరాన ఆర్కే బీచ్‌కు రావలసిన ఇసుక రాక, అలలు తీరాన్ని కోసివేస్తాయి. అందుకే అడ్డుకట్ట వద్ద పోగైన ఇసుకను తవ్వి, గొట్టాల ద్వారా బీచ్ వైపు పోస్తూ ఉంటారు. కాలువలో పూడిక పడకుండా ఉండటానికీ, తీరం నిలబడటానికీ ఇది అవసరమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు బీచ్ కోత ఎంత తీవ్రమో నగరమంతా చూసింది. ఇసుక పోయడంలో ఆలస్యమైన ఏడాది ఆ ఫలితం బీచ్ రోడ్డు గోడలపై కనిపిస్తుంది.

ఇదే జలాల చెంత చేపల రేవు ఉంది. 2023 నవంబరు 19 రాత్రి అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో మరబోట్లు కాలిపోయాయి. డీజిలు, గ్యాస్ సిలిండర్లతో బోట్లు ఒకదానినొకటి ఆనుకొని నిలిచే చోట అగ్నిమాపక ఏర్పాట్లు ఎంత ముఖ్యమో ఆ రాత్రి తెలిసింది. మరోవైపు 2023 సెప్టెంబరులో ప్రారంభమైన విహార నౌకల టెర్మినల్ పర్యాటకులను ఈ రేవుకే ఆహ్వానిస్తోంది. ఒకే ద్వారంలో బొగ్గు ఓడ, యుద్ధనౌక, చేపల బోటు, విహార నౌక సాగవలసిన పరిస్థితి దేశంలో చాలా తక్కువ రేవులకు ఉంటుంది.

ముందున్న ఎంపిక

సరకు పరిమాణం ఏటా పెరిగిందా లేదా అన్నదే ఇంతవరకు పోర్టు ప్రగతికి కొలమానం. ఆ లెక్కతో పాటు మరికొన్నింటిని ఏటా ప్రజల ముందుంచితే జిల్లా వాసులకు అసలు ప్రగతి అర్థమవుతుంది. బొగ్గు, ఖనిజాల్లో ఎంత శాతం మూసిన కన్వేయరుపై సాగింది? ఎంత భాగం కప్పు కింద నిల్వ ఉంది? లారీల్లో కాక రైలులో తరలినది ఎంత? పాతనగరంలో గాలిలోని ధూళి నెలనెలా ఎంత నమోదైంది? తవ్విన ఇసుకలో బీచ్‌కు చేరినది ఎంత?

పొడిసరకును అతిలోతైన, యంత్రీకృత బెర్తులకు పరిమితం చేసి, ఊరికి దగ్గరగా ఉన్న బెర్తులను కంటెయినర్లు, ఉక్కు, యంత్రసామగ్రి వంటి ధూళిలేని సరకుకు కేటాయించడం సాధ్యమైన మార్గమే. అలాంటి సరకుకు గిడ్డంగులు, శీతల గదులు, ప్యాకింగు కేంద్రాలు అవసరం కనుక టన్నుకు దక్కే ఉపాధి కూడా ఎక్కువే. ఇందుకు పెట్టుబడి కావాలి, కొంత ఆదాయాన్ని తొలినాళ్లలో వదులుకునే నిబ్బరం కావాలి. బురద నేలను తవ్వి రేవు కట్టుకున్న ఊరికి, సముద్రంలో గోడలు కట్టి 18 మీటర్ల లోతు సాధించిన ఇంజినీర్లకు కన్వేయరుపై కప్పు వేయడం అసాధ్యం కాదు. పాతనగరం అడుగుతున్నది రేవును మూయమని కాదు, సరకును మూసి తరలించమని.